తెలుగు కథానిక: తప్పక చదువవలసిన పది కథలు

సాతవాహనుల కాలమునాటి గుణాఢ్యుని వృత్తాంతము మన దేశమున కథకు కలిగిన తొలి గండమును తెలుపుచున్నది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమునందు సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున ఆ వృత్తాంతము కలదు. గుణాఢ్యుడు సాతవాహనరాజు ఆస్థానమునందలి పండితుడు. ఒక పందెమున ఓడి, సంస్కృతమును ప్రాకృతమును దేశభాషను విడిచి, అడవి చేరి, పైశాచీభాషలో ఏడులక్షల శ్లోకముల బృహత్కథను వ్రాసెను. సిరా దొరకక తన నెత్తురుతోనే వ్రాసెనందురు. శిష్యులు దానిని రాజునొద్దకు గొనిపోగా, భాష పైశాచియనియు, వ్రాత నెత్తుటిదనియు రాజు త్రోసిపుచ్చెను. అంత గుణాఢ్యుడు అగ్నికుండమును రగిల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు, పక్షులకు చదివి వినిపించుచు నిప్పులో వేయసాగెను. మృగములు మేత మాని, కన్నీరు కార్చుచు వినుచుండెను. రాజు వంటశాలకు వచ్చు మాంసము ఎండిపోవుటచేత కారణము విచారించి, రాజు పరుగున అడవికి పోవునప్పటికి ఆరులక్షల శ్లోకములు భస్మమైపోయి, లక్ష మాత్రము మిగిలియుండెను.

ఇది ఐతిహ్యమే కావచ్చును. అయినను కథలకు సంభవించు రెండు ఆపదలను ఇది చక్కగా తెలుపుచున్నది. మొదటిది, ఇది పెద్దల భాష కాదని తిరస్కరించుట. రెండవది, దాచువారు లేక నశించుట. ఇరువదవ శతాబ్దమున పుట్టిన తెలుగు కథానికకు ఈ రెండు ఆపదలును తప్పలేదు. వానిని దాటివచ్చిన కథలలో, చదువను వ్రాయను నేర్చిన ప్రతి గ్రామవాసియు తప్పక చదువదగినవి కొన్నిటిని ఈ రజతోత్సవ సమయమున చరిత్రక్రమమున పరిచయము చేయుట ఈ వ్యాసోద్దేశము.

కథలు తెలుగువారికి క్రొత్తవి కావు. కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికయు, పాలవేకరి కదిరీపతి శుకసప్తతియు, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతియు పద్యకథాకావ్యములే. హంసవింశతిలో నాటి వృత్తులు, పనిముట్లు, పిల్లల ఆటలు మున్నగువాని పేర్లు పట్టిక వ్రాసినట్లు కానవచ్చును. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడి, గద్యమున కథ చెప్పుటకు ఒక రాజమార్గమేర్పడెను. అయినను ఈ ప్రాచీనకథలలో ఒక కథ కడుపున మరియొక కథ పుట్టుచు పోవును. రాజులు, వర్తకులు, వేశ్యలు, మాటలాడు చిలుకలు, హంసలు వానికి పాత్రలు. వినువానిని ఆశ్చర్యపరచుట, నీతిని బోధించుట వాని ప్రయోజనము. నేడు కథానిక యనబడునది అట్టిది కాదు. ఒక సంఘటన, ఇద్దరు ముగ్గురు మనుష్యులు, ఒక పూటనో ఒక దినముననో తేలిపోవు ఒక చిక్కు, అంతియే దాని సామగ్రి. ఒక్క కూర్చుండులో చదివి ముగింపవచ్చును. పొలమునుండి వచ్చి కాళ్లు కడిగికొని, దీపమువేళ అన్నమునకు పిలుపు వచ్చులోపల చదువవచ్చును. పల్లెవాసికి ఇంతకంటె అనుకూలమైన సాహిత్యప్రక్రియ మరియొకటి లేదు.

కథానికను ఎల్లరును చదువవలెననుటకు ఇంతకంటె బలమైన హేతువు వేరొకటి కలదు. ప్రతి గ్రామమునకును దస్తరము కలదు. అడంగలు తిప్పినచో ప్రతి సర్వేనంబరునకు విస్తీర్ణము, పట్టాదారు పేరు, పైరు, నీటివనరు, శిస్తు కనబడును. ఆ పొలమున నడుము వంచి నాటువేసిన స్త్రీ పేరు అందుండదు. అప్పు తీర్చలేక పొలము అమ్మినవాడు ఆ రాత్రి ఇంటికిపోయి భార్యతో ఏమి చెప్పెనో ఏ దస్తావేజునందును వ్రాయబడదు. రాజుల చరిత్ర శాసనములకెక్కెను; భూముల చరిత్ర దస్తరములకెక్కెను. ఈ రెంటికిని ఎక్కని మనుష్యుల చరిత్ర గడచిన నూరేండ్లకు పైబడిన కాలమున తెలుగు కథానికలో నమోదైనది. ఈ క్రింది పది కథలును ఈ దృష్టితో ఏరినవి.

మొదటిది భండారు అచ్చమాంబ రచించిన ధనత్రయోదశి. ఈమె 1874లో కృష్ణాజిల్లా నందిగామయందు జన్మించెను. చరిత్రపరిశోధకుడు, విజ్ఞానసర్వస్వ నిర్మాత కొమర్రాజు లక్ష్మణరావుగారికి అక్క. ఆ కాలమున స్త్రీకి బడి లేదు; ఈమె ఇంటనే తమ్ముని చెంత అక్షరములు నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాలయను స్త్రీల చరిత్రను వ్రాసెను. 1905లో ముప్పదియొక్క యేండ్లైనను నిండకుండ మరణించెను. ధనత్రయోదశి 1902లో హిందూసుందరియను స్త్రీల మాసపత్రికలో వెలువడెను. దీపావళి పండుగ దగ్గరపడినది, ఊరంతయు కలకలలాడుచున్నది, ఒక పేదగుమాస్తా ఇంట మాత్రము పండుగ లేదు. ఆ లేమి అతనిని యజమాని ధనమువైపు చేయిచాచునట్లు చేయును. అతని భార్య ఏమి చేసెనన్నది కథ. ఇందు నీతి కలదు. కాని అది చిలుకయో ఋషియో చెప్పిన నీతి కాదు, చినుగుచీర కట్టిన ఇల్లాలు తన ఇంటిని నిలుపుకొనుటకు పలికిన మాట. లెక్కలు వ్రాసి పొట్టపోసికొనువారు, పరధనమును చేతులార నిత్యము తాకువారు, దీనిని తప్పక చదువవలెను.

రెండవది గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు. ఇది 1910 ఫిబ్రవరిలో ఆంధ్రభారతి మాసపత్రికలో వెలువడెను. చదువుకొన్న యువకుడు గోపాలరావు; అతని భార్య కమలిని; నౌకరు రాముడు. స్త్రీవిద్యను గూర్చి సభలలో ఉపన్యసించుచు, సానిదాని పాటకచేరులకు పోయి రాత్రి చాలప్రొద్దుపోయి ఇల్లుచేరు భర్తను, చదువు నేర్చిన భార్య ఒక్క ఉత్తరముతో దారికి తెచ్చును. నాలుగైదు పుటల కథ. భర్త తనకు నేర్పిన విద్యనే భార్య అతనిపై ప్రయోగించుట అందలి చమత్కారము. రాముని మాటలు వినినచో ఉత్తరాంధ్రమున ఒక యింటి వాకిట నిలబడినట్లుండును. గ్రంథమునందలి భాషయే భాషయని నమ్మిన పండితులనేకులు ఆ కాలమున ఇట్టి రచనను సాహిత్యముగా అంగీకరింపలేదు. గుణాఢ్యుని పైశాచికి కలిగిన గౌరవమే వాడుకభాషకును కొంతకాలము కలిగెను. ప్రాచీనకావ్యములను ప్రేమించువారు వాడుకభాషను ద్వేషింపనక్కరలేదని దిద్దుబాటు చదివినవారికి తెలియగలదు. శూద్రకుని మృచ్ఛకటికమున పాత్రలు తమతమ భాషలలో మాటలాడుటను మెచ్చినవారు రాముని మాటలకు ముఖము త్రిప్పుట న్యాయము కాదు.

మూడవది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వడ్లగింజలు. శాస్త్రిగారు 1891లో గోదావరీమండలమున పొలమూరునందు వైదికకుటుంబమున జన్మించిరి. సంస్కృతమును, ఆయుర్వేదమును చదివిరి. ఇంగ్లీషు చదువునకు పోలేదు. 1961లో కీర్తిశేషులైరి. సంప్రదాయవిద్యలో పెరిగిన ఈయన తెలుగు పలుకుబడిని, అందును ఇంటింటి స్త్రీల మాటతీరును పట్టినట్లు మరియొకరు పట్టలేదని చెప్పవచ్చును. వడ్లగింజలలో నాయకుడు తంగిరాల శంకరప్ప, చదరంగపుటాటలో అసమానుడు. పెద్దాపురప్రభువు దర్శనముకోరి వచ్చిన ఈ పేదబ్రాహ్మణునికి దివాణపు వాకిలియే అడ్డము. ఆ వాకిలి దాటుట ఎట్లు, దాటినపిమ్మట ప్రభువుతో ఆడుట ఎట్లు, గెలిచిన కోరుకొనుట ఎట్లు అన్నది కథ. శంకరప్ప కోరినది వడ్లగింజలు. చదరంగపు మొదటిగడిలో ఒకటి, రెండవగడిలో రెండు, మూడవగడిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులకును రెట్టింపుచేసికొనుచు పోవలెను. మొదటి గడులు చూచినవాడు నవ్వును. ముప్పదిరెండవ గడికి వచ్చునప్పటికే ఆ గడిలో ఉంచవలసినవి 214 కోట్ల 74 లక్షల 83 వేల 648 గింజలగును. అరువదినాలుగు గడుల మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెల సంఖ్య. ఏ ప్రభువు గాదెలు దీనికి చాలును? చక్రవడ్డీ యనునది ఎట్లు పెరుగునో పసిపిల్లలకు బోధించుటకును ఈ కథకంటె మంచి పాఠము లేదు. కాని కథలోని అసలు విషయము గణితము కాదు. విద్య కలవానికిని విద్యను మెచ్చగల ప్రభువునకును నడుమ నిలిచిన దివాణము. ఆయనయే వ్రాసిన గులాబీ అత్తరులోను ఈ దివాణమే అడ్డుపడును. అందు మాత్రము కళాకారునికి గెలుపు లేదు. రెంటిని ఒకదానివెంట ఒకటి చదివినవారికి శాస్త్రిగారి హృదయము బోధపడును.

నాలుగవది తెలంగాణమునుండి వచ్చినది: గొల్ల రామవ్వ. నైజాం పాలనలో తెలుగుభాషకు బడులయందును కచేరీలయందును తావు చాలని దినములలో, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొల్పబడెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండపత్రికను స్థాపించిరి. ఆ పునాదిపై అక్కడ కథ పెరిగెను. గొల్ల రామవ్వ 1949లో కాకతీయపత్రికలో విజయ యను మారుపేరుతో వెలువడెను. వ్రాసినవారు పి.వి. నరసింహారావుగారు, 1991 మొదలు 1996 వరకు భారతప్రధానిగానుండిన వారే. రజాకార్ల కాలము. అర్ధరాత్రి ఒక ముసలమ్మ గుడిసెలో పోలీసులు వెదకుచున్న యువకుడొకడు చొరబడును. ఆ ముసలమ్మకు రాజకీయము తెలియదు. తన గుమ్మము త్రొక్కినవానిని పట్టియీయరాదని మాత్రము తెలియును. స్వాతంత్ర్యచరిత్రలో నాయకుల పేర్లు కలవు. తలుపు తెరచిన ముసలమ్మల పేర్లు లేవు. ఈ ఒక్క కథలో ఒక ముసలమ్మ పేరు నిలిచినది.

అయిదవది బుచ్చిబాబుగారి నన్ను గురించి కథ వ్రాయవూ? ఈయన అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో ఏలూరున జన్మించి 1967లో మరణించిరి. ఈ కథలో కుముదమను ఒక సాధారణస్త్రీ, చిన్ననాటినుండి తానెరిగిన రచయితను, తనను గూర్చి కథ వ్రాయుమని అడుగును. రచయిత ఆలోచించును. ఆమె గొప్ప అందగత్తె కాదు. ఆమె జీవితమున చెప్పుకొనదగిన సాహసము లేదు, ఘోరవిపత్తు లేదు. పెండ్లి, పిల్లలు, సంసారము. దీనిలో వ్రాయుటకేమున్నది? ఈ ప్రశ్నయే కథ. దస్తరమున పేరులేని మనుష్యురాలు స్వయముగా వచ్చి తన పేరు నమోదుచేయుమని అడిగినట్లున్నది. ఈ కథ చదివి పుస్తకము మూసినపిమ్మట తన ఇంటిలో నిత్యము కనబడు తల్లివైపో, వదినెవైపో, క్రొత్తగా చూడని పాఠకుడుండడు.

ఆరవది పాలగుమ్మి పద్మరాజుగారి గాలివాన. 1952లో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో దీనికి ద్వితీయ బహుమతి లభించి, తెలుగుకథ పేరు దేశాంతరములకు ప్రాకెను. జీవితమంతయు నియమములతో గిరిగీసికొని, ఏది మంచి ఏది చెడ్డయని తూచుకొని బ్రతికిన రావుగారను పెద్దమనిషి రైలుప్రయాణమున నుండును. అదే పెట్టెలోనికి ఒక బిచ్చగత్తె వచ్చును. రావుగారి దృష్టిలో ఆమె సోమరి, దొంగ. గాలివాన చెలరేగి, చిన్నస్టేషనులో ఆ చీకటిరాత్రి వారిద్దరును చిక్కువడుదురు. ఆ రాత్రి ఆయన సిద్ధాంతములు ఏమయ్యెనో ఇక్కడ చెప్పుట చదువబోవువారికి అన్యాయము. కోస్తాజిల్లాలవారికి తుఫాను క్రొత్త కాదు. కప్పు ఎగిరిపోయిన ఇంటిలో పొరుగువాని చేయి పట్టుకొని తెల్లవార్లు కూర్చున్నవారు పలువురున్నారు. ప్రక్కవాని చేతివేడిమియే ధైర్యమైన రాత్రి మనిషి ఏమి నేర్చునో వారికి వేరుగా చెప్పనక్కరలేదు; ఇతరులు ఈ కథలో చదివి తెలిసికొనవచ్చును.

ఏడవది చాగంటి సోమయాజులుగారి వాయులీనం. చాసోయను పేరున ప్రసిద్ధులైన ఈయన 1915 మొదలు 1994 వరకు జీవించిరి. విజయనగరము వారి నివాసము. వ్రాసిన కథలు కొద్ది; వానిలో ఎక్కువతక్కువ మాట ఒక్కటి దొరకదు. రాజ్యమను ఇల్లాలికి ఫిడేలుపై ప్రాణము. ఆమె జబ్బుపడును. మందులకు డబ్బు కావలెను. చిరుద్యోగియైన భర్తకు ఇంటిలో అమ్మదగిన వస్తువు ఏది మిగిలియున్నదో పాఠకుడు ఊహింపవచ్చును. భర్త దుర్మార్గుడు కాడు. భార్యను బ్రతికించుకొనవలెనని తపించినవాడే. అయినను కథ ముగియునప్పటికి గుండెలో ఒక తంత్రి తెగినట్లగును. వీరిదే ఎంపుయను మరియొక కథ కలదు. బిచ్చమెత్తుకొనువారి పిల్లకు వరుని ఎన్నుకొనుట అందలి విషయము. పెద్దయిండ్లలో పెండ్లిసంబంధములు చూచు లెక్కలే బిచ్చగాండ్రును చూతురు. నవ్వుచు మొదలుపెట్టి నవ్వలేక ముగింపవలసిన కథ అది.

ఎనిమిదవది కాళీపట్నము రామారావుగారి యజ్ఞం. 1960–70 దశకమున వెలువడిన ఈ కథపై జరిగినంత చర్చ తెలుగున మరే కథపైనను జరిగియుండదు. శ్రీకాకుళపు సీమలో సుందరపాలెమను పల్లె. అప్పల్రాముడను నిరుపేద రైతు ఒక వర్తకునికి బాకీపడెను. ధర్మమండపమున పంచాయతి కూర్చున్నది. ఇచ్చినవాని లెక్క తప్పు కాదు. పత్రము దొంగపత్రము కాదు. తీర్పరి లంచగొండి కాడు. పైగా ఆ తీర్పరి ఊరికి మేలుచేసిన సత్పురుషుడు. ఊరికి బాట వచ్చినది, బడి వచ్చినది. ఇన్ని వచ్చినను కష్టించువాని చేతినుండి మడిచెక్క జారిపోవుచున్నది. ఎవరును అధర్మము చేయకుండగనే ఇంత అధర్మమెట్లు జరిగెనన్నది రామారావుగారు వేసిన ప్రశ్న. ముగింపు భరింపరానిది. పంచాయతిలో పెద్దరికము వహించువారు, నోటు వ్రాసిపెట్టువారు, దానిపై సాక్షిసంతకము చేయువారు ఈ కథ చదువక ఆ పని చేయరాదు. అసలు, వడ్డీ, కాలము, ఈ మూడింటి గుణకారము కాగితముపై ఎప్పుడును సరిగానే వచ్చును. ఆ గుణకారమునకు ఆవల నిలబడినవాని ముఖము ఈ కథలో కనబడును.

తొమ్మిదవది కొలకలూరి ఇనాక్‌గారి ఊరబావి. ఈయన 1939లో గుంటూరుజిల్లా వేజెండ్లలో జన్మించిరి. ఊరిలో బావియున్నది, నీళ్లున్నవి, చేద ముంచుకొనుటకు మాత్రము కొందరికి హక్కు లేదు. పై కులములవారు దయతలచి పోసినప్పుడు పట్టుకొనవలెను. ఈ అవమానమును సహింపలేక తిరుగబడిన దళితస్త్రీపురుషుల కథ ఇది. అందును స్త్రీ తెగువ ప్రధానము. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము అంటరానితనమును నిషేధించెను. రాజ్యాంగములోని మాట బావిగట్టువరకు నడచివచ్చుటకు ఎంతకాలము పట్టెనో, ఎవరి చెమటయు నెత్తురును దానికి ఖర్చయ్యెనో ఈ కథ వలన తెలియును. మన ఊళ్లలో పాతబావులింకను ఉన్నవి. వాని గట్టున నిలబడి ఈ కథను తలచికొనిన, ఊరిచరిత్రలో మనము చెప్పుకొనని పుట ఒకటి తెరచుకొనును.

పదియవది పి. సత్యవతిగారి ఇల్లలకగానే. ఇల్లు అలుకగానే పండుగ కాదన్న సామెత తెలియని తెలుగువాడుండడు. ఈ కథలో ఇల్లాలు ఇంటిని అద్దమువలె తుడిచి, అలికి, ముగ్గులుపెట్టి, అందరి మెప్పు పొందుచు, ఒకనాడు తన పేరు తానే మరచిపోవును. భర్తను అడుగును, పనిమనిషిని అడుగును, ఇరుగుపొరుగును అడుగును. ఎవరికిని ఆమె పేరుతో పనిపడలేదు. పుట్టింటికి బయలుదేరును. నవ్వు పుట్టించు కథయే. కాని చదివినవారు తమ వీధిలో ఫలానివారి భార్యగా, ఫలానివాని తల్లిగా మాత్రమే తెలిసిన స్త్రీల పేర్లను లెక్కపెట్టి చూడవలెను. ధనత్రయోదశిలో ఇల్లాలు ఇంటిని నిలిపెను. ఇంటిని నిలుపుచు తానేమైపోయెనని సత్యవతిగారి కథలోని ఇల్లాలు అడుగుచున్నది. ఈ రెండు కథల నడుమనున్న దూరమే తెలుగుస్త్రీ నడచిన బాట.

పదియని గిరి గీయుటచేత గొప్పకథలు అనేకము వెలుపల నిలిచిపోయినవి. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి జరీ అంచు తెల్లచీర, చలముగారి ఓ పువ్వు పూసింది, కొడవటిగంటి కుటుంబరావుగారి నువ్వులూ తెలకపిండీ, అబ్బూరి ఛాయాదేవిగారి బోన్‌సాయ్ బ్రతుకు, చిత్తూరుసీమలో దామలచెరువున బడిపంతులుగా నుండి రాయలసీమ రైతు బ్రతుకును చిత్రించిన మధురాంతకము రాజారాముగారి హాలికులు కుశలమా, ఇవన్నియు రెండవ విడతలో చదువదగినవి. మునిమాణిక్యముగారి కాంతము, చింతా దీక్షితులుగారి వటీరావు నవ్వుకొనుటకై ఎల్లప్పుడును సిద్ధముగానున్నారు.

ఇక ఈ కథలు మనవరకు ఎట్లు వచ్చెనను ముఖ్యవిషయము మిగిలినది. కావ్యము తాటాకులపై పుట్టి, మఠములలో, సంస్థానములలో భద్రముగానుండెను. కథానిక మాసపత్రికలో పుట్టెను. పత్రిక ఆయుర్దాయము ఒక నెల. మరుసటి నెల క్రొత్తసంచిక రాగానే పాతది అటకపైకి పోవును. అటకపైనుండి కిరాణాకొట్టునకు పోయి పప్పు పొట్లమగును. గుణాఢ్యుని పత్రములు నిప్పులో కాలినవి. మన కథలు పొట్లములుగా చినిగిపోయినవి. హిందూసుందరి సంచికలు అరుదైపోవుటచేతనే దిద్దుబాటే తొలి తెలుగుకథయని చిరకాలము అందరును చెప్పుకొనిరి. పాతసంచికలు దాచినచోట్ల దుమ్ము దులిపి వెదకిన పరిశోధకుల శ్రమచేత, దానికి ఎనిమిదేండ్లకు పూర్వమే ఒక స్త్రీ కథ వ్రాసియుండెనని లోకమునకు వెల్లడియయ్యెను. అచ్చమాంబ కథలు ఇటీవలికాలమున సంపుటముగా వెలువడినవి. తొలికథ యేదియన్న వాదము విమర్శకులలో ఇంకను నడచుచునే యున్నది. గురజాడవారి కీర్తికి దానివలన వచ్చిన లోపమేమియు లేదు. కాని ఒక స్త్రీ కృషి దశాబ్దములపాటు మరుగునపడుటకు పత్రికలను భద్రపరుపకపోవుట ముఖ్యకారణములలో ఒకటి.

కథకును గ్రంథాలయమునకును గల బాంధవ్యము ఆదినుండియు ఉన్నదే. దిద్దుబాటును ప్రచురించిన ఆంధ్రభారతిని 1910లో మచిలీపట్టణమున స్థాపించినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి వారికి ఇరువదేండ్ల ప్రాయము. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును నెలకొల్పుటకు ముందునడచి, గ్రంథాలయోద్యమ పితామహుడని కీర్తింపబడినవారును వారే. కథను అచ్చువేసిన చేతులే గ్రంథాలయమునకు పునాదిరాయి వేసెను. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వతనికేతనము పాతపత్రికలను భద్రపరచి పరిశోధకులకు పెన్నిధియైనది. యజ్ఞము వ్రాసిన రామారావుగారు కథలు వ్రాయుటతో తృప్తిపడక, తమ పురస్కారధనమును వినియోగించి, 1997 ఫిబ్రవరి 22వ తేదీన శ్రీకాకుళమున కథానిలయమును ప్రారంభించిరి. అచ్చయిన ప్రతి తెలుగుకథయు ఒక్కచోట దొరకవలెనన్నది వారి సంకల్పము. బడిపంతులుగా బ్రతికిన మనుష్యుడు చేసిన పని ఇది. 1924లో జన్మించిన ఆయన 2021లో తొంబదియారేండ్ల వయస్సున కీర్తిశేషులగు వరకు ఆ సేకరణమందే మనస్సు నిలిపిరి.

పెద్దనిలయములు చేయవలసినది వారు చేయుచున్నారు. గ్రామగ్రంథాలయము చేయవలసిన పనులు మూడు కలవు. ఈ పది కథలున్న సంపుటములను బీరువాలో ఒక అరపై చేర్చి ఉంచుట మొదటిది. వారమునకొక సాయంకాలము ఒక్క కథను బిగ్గరగా చదివించుట రెండవది. అక్షరము రానివారును, కంటిచూపు తగ్గినవారును, చేతిలో అల్లికపనియున్న స్త్రీలును వినగలరు. పురాణకాలక్షేపమునకు అలవాటుపడిన మన ఊళ్లకు వినికిడి క్రొత్తది కాదు. పది కథలు పది వారములలో ముగియును. మూడవది అన్నిటికంటె ముఖ్యము: ఇండ్ల అటకలపై, పాతపెట్టెలలో మిగిలిన భారతి, ఆంధ్రపత్రిక, యువ మున్నగు పత్రికల పాతసంచికలను చెదలపాలు చేయక గ్రంథాలయమునకు తెచ్చియిచ్చుట. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు స్థాపించిన భారతి 1991లో ఆగిపోయినది; దాని సంచిక ఇక అచ్చు కాదు. అట్టలు ఊడినవైనను, మొదటి పుటలు పోయినవైనను, తేదీ వ్రాసి, బైండు చేయించి, జాబితాలో ఎక్కించినచో అందే పేరెన్నని రచయిత్రి కథ ఒకటి దొరకవచ్చును.

పాతికేండ్లు ఈ గ్రంథాలయము తలుపులు తెరచి దీపముపెట్టినవారికిని, చందాలిచ్చినవారికిని, పుస్తకము చదివి చినుగకుండ తిరిగి తెచ్చియిచ్చిన పిల్లలకును ఊరు ఋణపడియున్నది. స్వర్ణోత్సవమునాటికి ఈ పది కథలు వినని ఇల్లు ఊరిలో ఒక్కటియు మిగులకుండుగాక.